“ఎవరికీ చెప్పకండి మేడమ్” అన్న పిల్ల విషయంలో తరగతి ఉపాధ్యాయిని ఏం చేయాలి?

సుగ్గిదారి (తెలుగు ఉపాధ్యాయిని, కర్నూలు జిల్లా పడమటి మండలం) – ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి తరగతి ఉపాధ్యాయినిగా ఉన్నాను. నా హాజరుపట్టీలో 58 పేర్లు ఉన్నాయి. మా వైపు కూలి పనుల వలసను సుగ్గికి పోవడం అంటారు. దీపావళి దాటగానే కొన్ని కుటుంబాలు పత్తి ఏరడానికి, సంక్రాంతి ముందూ వెనకా మరికొన్ని మిరప కోతలకు గుంటూరు వైపు బయల్దేరి, ఉగాది దగ్గర పడితే గానీ తిరిగి రావు. చిన్న పిల్లలను వెంట తీసుకుపోతారు, లేదా ముసలివాళ్ల దగ్గర వదిలిపోతారు. ఈ జనవరిలో నా తరగతిలో దాదాపు సగం మంది పిల్లలు తల్లిదండ్రులు ఇంట్లో లేకుండానే బడికి వస్తున్నారు.

వాళ్లలో ఒక అమ్మాయి గురించి రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆరో తరగతి నుంచి చురుకుగా ఉన్న పిల్ల. డిసెంబరు నుంచి మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతోంది. సోమవారాలు రావడం లేదు. నాలుగో తరగతి చదివే తమ్ముడిని తయారు చేసి పంపడం, అవ్వకు వండిపెట్టడం, నీళ్లు తేవడం అన్నీ తనే చేస్తోందని తోటి పిల్లలు చెప్పారు. పోయిన వారం వ్యాసాల నోటుపుస్తకం దిద్దుతుంటే చివరి పేజీలో “పొద్దున లేవకుండా ఉంటే బాగుండు” అన్న వాక్యం కనిపించింది. గ్రంథాలయం గదిలో కూర్చోబెట్టి మెల్లగా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎండాకాలంలో మేనమామతో పెళ్లి అనుకుంటున్నారని, అమ్మానాన్న తిరిగి రాగానే మాట ఖాయం చేస్తారని చెప్పి, “ఎవరికీ చెప్పకండి మేడమ్” అని నా చేయి పట్టుకుంది. ఆ క్షణంలో నేను సరేనన్నాను. ఆమెకు 14 ఏళ్లు.

ఆయుష్మాన్ భారత్ కింద నడిచే పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో మా బడి నుంచి ఎంపికైన ఇద్దరు టీచర్లలో నేనొకదాన్ని. ఎదిగే వయసు, పోషకాహారం, మానసిక ఆరోగ్యం వంటి 11 అంశాల మీద పిల్లలతో పాఠాలు చెప్పించడం ఎలాగో శిక్షణలో నేర్పారు. ఒక పిల్ల చేయి పట్టుకుని ఈ మాట అన్నప్పుడు ఏం చేయాలో మాత్రం నాకు తెలియలేదు. మాట నిలుపుకోవాలా, తప్పాలా? తప్పితే ఎవరికి చెప్పాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


పాత హాజరుపట్టీ (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా) – ఆదివారం రాత్రి 10:25

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ వాక్యాన్ని మీరు చదివారు. 58 నోటుపుస్తకాలు దిద్దే టీచరు చివరి పేజీ దాకా వెళ్లి చూడడం అన్నిచోట్లా జరిగే పని కాదు. ఆ పిల్ల విషయంలో సగం పని అక్కడే జరిగింది.

చట్టం సంగతి తెలిసినవారు చెప్తారు. నేను హాజరుపట్టీ గురించి చెప్తాను. 33 ఏళ్ల ఉద్యోగంలో నాకు పిల్లల గురించి ఎక్కువ చెప్పింది అదే. మనం నెల చివర శాతం లెక్కకట్టి పైవాళ్లకు పంపడానికి దాన్ని వాడతాం. శాతం చూస్తే ఏమీ తెలియదు, ఏ రోజులు రాలేదో చూస్తేనే తెలుస్తుంది. వరుసగా సోమవారాలు రాని పిల్లాడి ఇంట్లో ఆదివారం రాత్రి ఏదో జరుగుతోందని అనుకోవాలి. మా వైపు అది చాలా ఇళ్లలో తండ్రి తాగుడు. ప్రతి నెలా మూడు రోజులు ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు రావడం లేదంటే, తప్పు వాళ్ల ఇళ్లలో కాదు, నీళ్లు లేని మన మరుగుదొడ్లలో వెతకాలి. ఒక బడిలో బోరు మోటారు బాగు చేయించి, లోపల గడియ పెట్టించి, మూత ఉన్న చెత్తబుట్ట ఉంచాం. రెండు నెలల్లో ఆ మూడు రోజుల ఖాళీలు చాలావరకు పోయాయి. దానికోసం ఎవరికీ ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. మధ్యాహ్నం భోజనం వరకు ఉండి తర్వాత కనిపించని పిల్లాడు ఒక రకం, భోజనం వేళకే వచ్చే పిల్లాడు ఇంకొక రకం. రెండోవాడు పొద్దున పనికి పోయి వస్తున్నాడని అర్థం.

మీ అమ్మాయి మొదటి పీరియడ్‌లో నిద్రపోతోందన్నారు. మనసు సంగతి చూస్తూనే ఒంటి సంగతి కూడా చూడండి. పొద్దున ఏం తిని వస్తోంది, బడిలో రాగి జావ ఇచ్చే రోజుల్లో తాగుతోందా, వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతోందా, పారేస్తోందా అని అడగండి. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వస్తుంది కాబట్టి చాలామంది జేబులో దాచేస్తారు. ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎమ్) వచ్చినప్పుడు రక్తం పరీక్ష చేయించండి. దిగులుగా ఉందనుకున్న పిల్లలో రక్తహీనత బయటపడడం నేను పలుమార్లు చూశాను. కొందరిలో రెండూ ఉంటాయి.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట పదో తరగతి పిల్లాడొకడు బడికి రాకుండా చెరువుగట్టు మీద గడుపుతున్నాడని తెలిసి, వాడితో ఒక్క మాటైనా మాట్లాడకుండా తండ్రిని పిలిపించి అందరి ముందు చెప్పాను. మర్నాడు వాడు వీపు మీద వాతలతో వచ్చాడు. తండ్రి కొడతాడనే భయంతోనే వాడు ఇంట్లోనూ బడిలోనూ ఉండలేక గట్టు మీద కూర్చుంటున్నాడని ఆ తర్వాత తెలిసింది. తల్లిదండ్రులకు చెప్పడం ఎప్పుడూ మంచిదేనని అప్పటివరకు నమ్మాను. ఎవరికి చెప్పాలన్నది ముందు పిల్లను అడిగి తెలుసుకోవాలి. మీ అమ్మాయి విషయంలో కూడా, ఇంట్లో ఆమె ఎవరి మాట నమ్ముతుందో కనుక్కోండి.


సమద్విబాహు (గణిత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా) – సోమవారం ఉదయం 6:10

పెద్దల మాటలను గౌరవిస్తూనే ఒక ఇబ్బంది చెప్పాలి. ముఖ హాజరు యాప్‌తో మొదలై భోజనం లెక్కలు, మార్కుల నమోదు, పుస్తకాల పంపిణీ నమోదు దాకా మా రోజు ఫోన్‌లోనే గడుస్తోంది. ఒక దశలో మరుగుదొడ్ల ఫోటోలు కూడా మాచేతే పెట్టించారు. పదో తరగతి ఫలితాల శాతం తగ్గితే సంజాయిషీ అడిగేదీ మమ్మల్నే. వీటన్నిటి మధ్య ప్రతి పిల్ల ఇంటి సంగతీ మనసులో పెట్టుకొమ్మంటే, చేయలేక కాదు, సగం సగం చేసి ఇంకా హాని చేస్తామేమోనని నా భయం. గణితం పాఠం తప్పు చెప్తే మర్నాడు సరిదిద్దుకోవచ్చు, ఇలాంటి విషయంలో తప్పు మాట అంటే సరిదిద్దుకునే అవకాశం ఉండదు. అందుకే ఇది చదువుకున్న కౌన్సెలరు చేయాల్సిన పని అని, ప్రతి ఉన్నత పాఠశాలకు ఒకరిని ఇవ్వమని మనమందరం గట్టిగా అడగాలని నా అభిప్రాయం.


ఓపీ గది (మానసిక వైద్య విభాగంలో సామాజిక కార్యకర్త, ప్రభుత్వ ఆసుపత్రి) – సోమవారం మధ్యాహ్నం 1:30

సుగ్గిదారి గారూ, రెండు విషయాలు ఈ వారమే చేయాల్సినవి. మిగతావి తర్వాత చర్చించవచ్చు.

మొదటిది ఆ వాక్యం గురించి. “లేవకుండా ఉంటే బాగుండు” అన్న మాటను అలసటతో రాసిందని సరిపెట్టుకోకండి, అలాగని భయపడి హడావిడి కూడా చేయకండి. రేపే ఆమెను పక్కకు పిలిచి, ఆ వాక్యం చదివానని చెప్పి, “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని తిన్నగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. అది నిజం కాదు. అడిగినప్పుడు పిల్లలకు ఊరట కలుగుతుంది, ఎందుకంటే ఆ మాట మోయలేక మోస్తుంటారు. అవునని చెప్పినా, జవాబు చెప్పకుండా ఏడ్చినా, ఆరోజు ఆమెను ఒంటరిగా ఇంటికి పంపకండి. ప్రధానోపాధ్యాయుడికి చెప్పి, నమ్మకమైన పెద్దవారి తోడుతో దగ్గరలోని ఆసుపత్రికి చేర్చండి. ఎక్కడికి పంపాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లే కాదు, ఏం చేయాలో తోచని టీచరు కూడా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

రెండోది మీరు ఇచ్చిన మాట. సరేనన్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి, కానీ ఆ మాటను సరిదిద్దుకోవాలి, అదీ ఆమె ముందే. “ఎవరికీ చెప్పనని అన్నాను, అలా అనకుండా ఉండాల్సింది. నీ సంగతి అందరికీ చెప్పను. నీకు హాని జరగకుండా ఆపగలిగే ఒకరిద్దరికి మాత్రం చెప్పాలి. ఎవరికి, ఏం చెప్తానో ముందు నీకే చెప్తాను” అనండి. పిల్లలు దీన్ని మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు. వాళ్లకు తెలియకుండా చెప్పినప్పుడే మోసపోయామనుకుంటారు.

చట్టం కూడా మౌనంగా ఉండే వీలు ఇవ్వదు. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో వచ్చింది. దాని 13వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరగబోతోందని తెలిసినవారు ముందే ఫిర్యాదు చేస్తే మేజిస్ట్రేటు దాన్ని ఆపుతూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. బాల న్యాయ చట్టం 2015 ప్రకారం, వయసు రాకముందే పెళ్లి చేసే ప్రమాదం దగ్గరలో ఉన్న పిల్లను సంరక్షణ, రక్షణ అవసరమైన బాలగా గుర్తించాలి. అంటే ఆమె సంగతి జిల్లా బాలల సంక్షేమ కమిటీ చూడాల్సిన విషయం. మీరు పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పవచ్చు, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజరుకు చెప్పవచ్చు. ఇంకొకటి, దీన్ని ఎంతో జాగ్రత్తగా చూడండి. ఆ మేనమామ గానీ మరెవరైనా గానీ ఇప్పటికే ఆమెను తాకరాని విధంగా తాకినట్టు ఆమె చెప్పినా, మీకు అనుమానం కలిగినా, అది పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కిందకు వస్తుంది. 2012 నాటి ఆ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. కానీ ఆ సంగతి రాబట్టడానికి మీరు విచారణ చేయకండి. “ఇంకేమైనా చెప్పాలని ఉందా?” అన్న ఒక్క ప్రశ్న చాలు. ఏం జరిగింది, ఎక్కడ, ఎన్నిసార్లు అని మనం అడిగితే, తర్వాత అధికారులకు అదంతా మళ్లీ చెప్పుకోవాల్సిన బాధ ఆమెకే మిగులుతుంది. ఆమె అన్న మాటలను అన్నవి అన్నట్టుగా, మీ వ్యాఖ్య కలపకుండా, తేదీ వేసి ఆరోజే రాసుకోండి.

సమద్విబాహు గారి భయం న్యాయమైనదే. టీచరు వైద్యం చేయనక్కర్లేదు. గమనించడం, వినడం, సరైనచోటికి చేర్చడం వరకే ఆయన పని. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో తమంతట తాము వచ్చినవారు చాలా అరుదు. ఎవరో ఒక టీచరు చేయి పట్టుకుని తీసుకొస్తేనే వస్తారు. కౌన్సెలరు ఉన్నచోట కూడా ఆ మొదటి చేయి టీచరుదే అవుతుంది.


సుగ్గిదారి – సోమవారం సాయంత్రం 5:50

ఈరోజు ఆమె బడికి రాలేదు. సోమవారం కదా. రేపు వచ్చేదాకా ఆగబుద్ధి కాక, సాయంత్రం ఆయమ్మను తోడు తీసుకుని ఇంటికి వెళ్లాను. తమ్ముడికి జ్వరమట, పక్కనే కూర్చుని ఉంది. మీరు చెప్పినట్టే అడిగాను. చచ్చిపోవాలని కాదు, ఏ పనీ లేకుండా రెండు రోజులు పడుకోవాలని ఉందని, అది రాయడం రాక అలా రాశానని చెప్పింది. కాసేపటికి, పెళ్లి మాట గుర్తొస్తే మాత్రం ఎక్కడికైనా పోవాలనిపిస్తుందని కూడా అంది. అందుకే పూర్తిగా నిశ్చింతగా లేను. నా మాటను సరిదిద్దుకున్నాను. తలవంచుకుని, “పెద్ద సారుకు చెప్పండి, అవ్వకు నేను చెప్పానని చెప్పకండి” అంది.


ఊలు మఫ్లరు (సైన్సు ఉపాధ్యాయిని, ఇంగ్లండ్) – సోమవారం రాత్రి 11:15

అనంతపురంలో ఎనిమిదేళ్లు, ఇక్కడ సెకండరీ స్కూల్లో పదకొండేళ్లు పాఠాలు చెప్పాను. ఇక్కడి పద్ధతిని గొప్పగా చూపాలని కాదు, మీ పరిస్థితికి అక్కరకొచ్చేవి రెండు మూడు ఉన్నాయని రాస్తున్నాను.

ఇక్కడ ప్రతి పిల్లకు ఫామ్ ట్యూటర్ అని ఒక టీచరు ఉంటారు. చాలా బడుల్లో ప్రతిరోజూ ఉదయం కొంతసేపు ఆ టీచరు తన పిల్లలతోనే గడుపుతారు. ఆ సమయంలో పాఠం ఉండదు. హాజరు వేయడం, ఎవరి ముఖం ఎలా ఉందో చూడడం, పలకరించడమే పని. ట్యూటర్ల పైన తరగతి మొత్తానికి హెడ్ ఆఫ్ ఇయర్ ఉంటారు. వీళ్లందరికీ పైన పిల్లల రక్షణకు చట్టం ప్రకారం బాధ్యురాలైన ఒక సీనియర్ టీచరు ఉంటారు. ఆమె పేరు, ఫోటో బడి గోడల మీద, మరుగుదొడ్ల తలుపుల మీద కూడా అంటించి ఉంటాయి. ఏ టీచరుకు ఏ అనుమానం వచ్చినా ఆరోజే ఆమెకు రాతపూర్వకంగా చేరాలి. ప్రభుత్వం జారీ చేసే పిల్లల భద్రతా మార్గదర్శక పత్రంలో కనీసం మొదటి భాగాన్నో, దాని సంక్షిప్త రూపాన్నో బడిలో పనిచేసేవాళ్లందరూ చదవాలి. ఇక్కడ చేరిన మొదటి వారంలో నాకు నేర్పిన మొదటి వాక్యం, రహస్యంగా ఉంచుతానని పిల్లలకు మాట ఇవ్వకూడదు అన్నదే. ఓపీ గది గారు రాసినది చదివినప్పుడు అదే గుర్తొచ్చింది.

మీ అమ్మాయిలాంటి పిల్లలకు ఇక్కడ ఒక పేరు ఉంది. ఇంట్లో జబ్బుపడినవారిని, ముసలివారిని చూసుకునే పిల్లలను యంగ్ కేరర్లు అంటారు. వాళ్లకు ఏ సాయం కావాలో స్థానిక ప్రభుత్వం అంచనా వేయాలని 2014 నాటి చట్టంలో ఉంది. పేరు పెట్టడం వల్ల ఒక మేలు జరిగింది. “ఆలస్యంగా వచ్చే పిల్ల” అని కాకుండా “తమ్ముడిని తయారు చేసి వచ్చే పిల్ల” అని టీచర్లు చూడడం మొదలుపెట్టారు. పెళ్లి విషయంలో ఇంగ్లండ్, వేల్స్ కూడా ఆలస్యంగానే మేల్కొన్నాయి. 2023 ఫిబ్రవరి 27 వరకు తల్లిదండ్రుల సమ్మతితో 16 ఏళ్లకే పెళ్లి చేసే వీలుండేది.

ఇక్కడా అన్నీ సాఫీగా సాగవు. పిల్లల మానసిక వైద్యుల దగ్గరకు పంపితే నెలల తరబడి ఎదురుచూడాలి, ఆ నెలలన్నీ పిల్లను కాచుకునేది మళ్లీ ట్యూటరే. డబ్బు అక్కర్లేకుండా మీరు తెచ్చుకోగలిగేవి నాకు రెండు కనిపిస్తున్నాయి. బడిలో పిల్లల సంగతులు చెప్పుకోవడానికి ఒక మనిషి పేరు అందరికీ తెలిసి ఉండడం ఒకటి. ఆ మనిషి దగ్గర తాళం వేసిన బీరువాలో ఒక పుస్తకం ఉండడం రెండోది. టీచరు బదిలీ అయినప్పుడు ఆ పుస్తకమే కొత్త టీచరుకు అందాలి. లేకపోతే పిల్ల తన కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.


రాత్రి లెక్క (గురుకుల ఉపాధ్యాయిని, తెలంగాణ) – మంగళవారం ఉదయం 5:20

మా గురుకులాల్లో ఇది మరో రూపంలో ఉంటుంది. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టినప్పుడు, టీచర్లు పిల్లల మధ్యనే నివసించాలన్నది ఆ పద్ధతికి ప్రాణం. ఇప్పుడు పిల్లల సంఖ్య పెరిగింది, కాపలా టీచర్లు వంతులవారీగా ఉంటున్నారు. ఒక పిల్లకు ఈ టీచరు నా టీచరు అని అనిపించడం కష్టమవుతోంది.

ఐదో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి పక్షం రోజులు, పెద్ద పిల్లలకు దసరా, సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చిన మొదటి వారం చాలా కష్టమైన కాలం. పగలు బాగానే ఉంటారు. రాత్రి తొమ్మిదికి దీపాలు తగ్గించాక ఇంటి మీద బెంగ మొదలవుతుంది. మర్నాడు కడుపునొప్పి, తలనొప్పి అంటూ సిక్ రూమ్ ముందు వరుస కడతారు. కొత్తలో నేను వాళ్లు నాటకమాడుతున్నారని కోప్పడేదాన్ని. నొప్పి నిజంగానే ఉంటుంది, దానికి కారణం మాత్రం కడుపులో ఉండదు. ఇప్పుడు రాత్రి పిల్లలను లెక్కపెట్టేటప్పుడు తలలు లెక్కపెట్టి వెళ్లిపోకుండా మంచం మంచం దగ్గర ఆగి పేరుతో పిలుస్తాను. నాలుగు గదులకు నలభై నిమిషాలు పడుతుంది. ఎవరు గోడవైపు తిరిగి పడుకున్నారో, ఎవరు పెట్టె సర్దుకుని ఉన్నారో ఆ నలభై నిమిషాల్లోనే తెలుస్తుంది.

సుగ్గిదారి గారూ, మీ ఊరి అవ్వలు పెళ్లికి తొందరపడడానికి కారణం ఏమిటని ఆలోచించారా? మా పాలమూరు వైపు నుంచి బొంబాయి, పుణె వలసపోయే కుటుంబాల్లో నేను చూసింది చెప్తాను. ఎదిగిన పిల్లను ఆరు నెలలు ఒంటరిగా వదిలిపోవడం భయం. వెంట తీసుకుపోతే పని చోట గుడారాల్లో ఇంకా భయం. పెళ్లి చేస్తే కాపలా దొరుకుతుందని వాళ్ల లెక్క. అది తప్పు లెక్కే, కానీ అందులో ద్వేషం లేదు. అలాంటి ఇంటికి నేరుగా పోలీసులతో వెళ్తే ఈసారికి పెళ్లి ఆగుతుంది, పిల్ల మాత్రం బడి నుంచి మాయమై ఇంకో ఊళ్లో పెళ్లి జరుగుతుంది. ఆ భయం పోగొట్టే చోటు ముందు చూపించండి. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా బాలికా విద్యాలయం మీ మండలంలో ఉండే ఉంటుంది. తమ్ముడికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వలస కాలంలో నడిపే సీజనల్ హాస్టల్ మీ ఊళ్లో ఈ ఏడాది ఉందేమో కనుక్కోండి. వాడికి ఒక పూట అన్నం, పడక దొరికితే అక్కకు రోజులో మూడు గంటలు మిగులుతాయి.


ఇద్దరు పిల్లల తండ్రి (హైదరాబాద్) – మంగళవారం రాత్రి 8:05

ఇంటి విషయాలు బడి అడగడం నాకు మొదట నచ్చేది కాదని ఒప్పుకుంటున్నాను. మా పెద్దవాడు చదివిన ప్రైవేటు పాఠశాలలో పొద్దున ఆరున్నరకు వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చేవాడు. మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. నెలవారీ పరీక్షలో కింద సెక్షనుకు దించిన రోజు వాడు అన్నం తినలేదు. మేము మార్కుల గురించే అడిగాం, బడి కూడా మార్కుల గురించే ఫోన్ చేసింది. మూడు వారాలు వాడు ఎవరితోనూ మాట్లాడటం లేదని మాకు చెప్పింది ఆ బడి బస్సు డ్రైవరు. టీచర్లు ఎందుకు గమనించలేదని అడిగితే, గమనించడం మా పట్టికలో లేదండీ అన్నారు. ఇప్పుడు నా ప్రశ్న ఒకటే. ప్రైవేటు బడుల్లో ఇది ఎవరి బాధ్యత?


ఓపీ గది – మంగళవారం రాత్రి 9:30

దానికి ఇప్పుడు స్పష్టమైన జవాబు ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మరణంపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. పాఠశాలలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు, ప్రభుత్వమా ప్రైవేటా అన్న తేడా లేకుండా అన్నీ వాటి కిందకు వస్తాయి. 100 మంది, అంతకుమించి విద్యార్థులు ఉన్నచోట శిక్షణ పొందిన కౌన్సెలరు గానీ మనస్తత్వ నిపుణుడు గానీ సామాజిక కార్యకర్త గానీ ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ముందే ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం మానాలని, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, సహాయ నంబర్లు అందరికీ కనిపించేలా రాసి ఉంచాలని అందులో ఉంది. మీ చిన్న పిల్ల బడిలో వీటిలో ఏవి ఉన్నాయో తల్లిదండ్రుల సమావేశంలో రాతపూర్వకంగా అడగండి. సమద్విబాహు గారు కౌన్సెలరును అడుగుదామన్నారు కదా, అడగడానికి ఇదే ఆధారం.


కువైట్ ఉత్తరం (పూర్వ విద్యార్థిని, కోనసీమ) – బుధవారం మధ్యాహ్నం 3:40

నేను టీచరును కాదు. ఈ చర్చ చదువుతూ రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లినప్పుడు నేను ఏడో తరగతి. పదో తరగతి అయ్యాక తిరిగొచ్చింది. మాది అమ్మమ్మ ఇల్లు.

ప్రోగ్రెస్ కార్డు ఇచ్చిన రోజంటే నాకు భయం. మార్కులు తక్కువని కాదు. “తండ్రి లేదా సంరక్షకుని సంతకం” అన్నచోట అమ్మమ్మ వేలిముద్ర వేస్తుంది. అది చూసి పిల్లలు నవ్వుతారు. తొమ్మిదిలో మా సాంఘిక శాస్త్రం టీచరుగారు దాన్ని ఎప్పుడు గమనించారో తెలియదు, ఒక శనివారం మా ఇంటికి వచ్చి, స్టాంపు ప్యాడ్ తనే తెచ్చి, అరుగు మీద కూర్చుని అమ్మమ్మతో ముద్ర వేయించుకుని కార్డు తనతోనే తీసుకెళ్లారు. పదో తరగతి దాకా ప్రతిసారీ అలాగే చేశారు. నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. పదిలో ఒకసారి అమ్మ మూడు నెలలు ఫోన్ చేయకపోతే, నేను నా అంతట నేను వెళ్లి చెప్పింది ఆమెకే. సుగ్గిదారి గారూ, మీ అమ్మాయి మీతో చెప్పిందంటే, అంతకుముందు మీరు మరిచిపోయిన చిన్న పనులు ఏవో ఆమె లెక్కపెట్టుకునే ఉంటుంది.


పాత హాజరుపట్టీ – బుధవారం సాయంత్రం 6:00

ఈ అమ్మాయి రాసినది చదివాక ఒక చిన్న సూచన చేయాలనిపించింది. తల్లిదండ్రుల సమావేశం మార్చిలో పెడితే సుగ్గికి పోయినవారు ఒక్కరూ రారు. మీ ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి దీపావళికి ముందే, వాళ్లు లారీ ఎక్కకముందే ఒక సమావేశం పెట్టించండి. వెళ్లేచోటి ఫోన్ నంబరు, పిల్లను చూసుకునేవారి పేరు ఆరోజే రాసుకోండి. పడమటి మండలాల బడులకు ఇది జూన్‌లో చేసే ప్రవేశాల నమోదు అంత ముఖ్యం.


సుగ్గిదారి – ఆదివారం రాత్రి 8:15

వారం రోజుల్లో జరిగినవి రాస్తున్నాను. ప్రధానోపాధ్యాయుడు నేను భయపడినట్టు విసుక్కోలేదు. అమ్మాయి పేరు బయటికి రాకుండా, “సుగ్గికి పోయిన ఇళ్లలో పిల్లల సంగతి” అని ఐసీడీఎస్ సూపర్‌వైజరును పిలిపించి, ఆరు ఇళ్లకు కలిసి వెళ్లారు. అందులో ఆమె ఇల్లు నాలుగోది. ఎవరు చెప్పారన్న ప్రశ్న అందువల్ల రాలేదు. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే ఎవరెవరి మీద కేసు పడుతుందో సూపర్‌వైజరు మర్యాదగానే, కానీ స్పష్టంగా చెప్పారు. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, “నేను రాత్రిపూట కన్ను మూయకుండా ఎన్నాళ్లు కాయగలను, నాకు చూపు లేదు” అంది. రాత్రి లెక్క గారు చెప్పినది అక్షరాలా నిజమని నాకు అప్పుడు తెలిసింది.

శుక్రవారం నా ఫోన్‌తో తల్లికి ఫోన్ చేయించాను. మిరప చేలో ఉంది. పిల్ల పెళ్లి మాటెత్తలేదు, తమ్ముడి జ్వరం గురించి, తనకు నిద్ర చాలడం లేదని చెప్పి ఏడ్చింది. తల్లి తర్వాత నాతో మాట్లాడి, తన తమ్ముడితో కూతురి పెళ్లి తనకూ ఇష్టం లేదని, అమ్మ మాట కాదనలేకపోయానని అంది. శివరాత్రికి ఒక్కరోజైనా వస్తానంది. ఆమె వచ్చేవరకు ఎవరూ ఏ మాటా ఖాయం చేయరని నాకు అర్థమైంది. అయినా సూపర్‌వైజరు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి సమాచారం ఇచ్చారు.

రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది, ఉండాల్సినదానికంటే బాగా తక్కువ. ఏఎన్ఎమ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రాసిచ్చింది. మాత్ర ఇప్పుడు మధ్యాహ్న భోజనం తర్వాత నా ముందే వేసుకుంటోంది. సీజనల్ హాస్టల్ మా ఊళ్లో ఈ ఏడాది నడవడం లేదు. పక్క ఊళ్లో ఉంది, తమ్ముడిని అక్కడ చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు, కానీ వాడు అక్కను వదిలి ఉంటాడో లేదో చూడాలి. కస్తూర్బా విద్యాలయంలో పదో తరగతికి ఖాళీ ఉంటే జూన్‌లో చేరుస్తామన్నారు, రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు.

ఊలు మఫ్లరు గారు చెప్పిన పుస్తకం కొన్నాను. బీరువా తాళం ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉన్నాయి. ఇప్పటికి తొమ్మిది మంది పేర్లు రాశాను. వాళ్లలో ముగ్గురు సోమవారాలు రాని మగపిల్లలు. రేపు ఉదయం ప్రార్థనకు ఇరవై నిమిషాల ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడతాను. ఆ ముగ్గురిలో ఎవరు రాకపోయినా మొదటి పీరియడ్ సమద్విబాహు గారిలా లెక్కలు చెప్పే మా సహోద్యోగికి అప్పగించి, ఇంటికి వెళ్లి చూసి రావడానికి అనుమతి తీసుకున్నాను.